పాట ఎవరిది? తీజ్ పాట వీడియో తీసే ముందు మనం తెలుసుకోవాల్సిన చరిత్ర



ఈసారి తీజ్‌కు పాట వీడియో తీద్దామని గ్రూపులో పదిహేను రోజుల సంది మాట్లాడుకుంటున్నం. ఏ ఫోన్‌తో తీయాలె, డ్రోన్ కావాలా వద్దా, లొకేషన్ అనంతగిరి గుట్టలా లేకుంటే తండానే మంచిదా, మనిషికి ఎన్ని పైసలు వేసుకోవాలె అని మస్తు మెసేజ్‌లు వచ్చినయి. అసలు పాట గురించి మాత్రం ఎవ్వరం అడగలే. ఆ పాట ఎక్కడిది, ఎవరు పాడాలె, పేరు ఎవరిది పడాలె? అందుకే ఈ పోస్ట్ రాస్తున్నం. పొడుగ్గ ఉంటది, జర ఓపికతో చదవండి.

ముందుగాల పోయిన ఏడాది సంగతి ఒప్పుకోవాలె. కొత్తగ గ్రూపులో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెల్వదు. పోయిన తీజ్‌కు మేము ఒక వీడియో పెట్టినం. తండాలో ఒక దాది పాడిన పాటను ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, నెట్‌లో దొరికిన ఫ్రీ బీట్ ఒకటి దాని కింద వేసి, స్పీడ్ పెంచి, నలుగురం డాన్స్ చేసినం. 'లేటెస్ట్ బంజారా డీజే సాంగ్' అని పేరు పెట్టినం. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, డాన్స్ అని మా పేర్లన్నీ వరుసగ వేసుకున్నం.

మూడో రోజే ఆ బీట్ మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఫ్రీ అని రాసి ఉన్నవన్నీ ఫ్రీ కావని అప్పుడు తెలిసింది. అది చిన్న బాధ. పెద్ద బాధ వేరే ఉంది. దాది మనవరాలు ఆమెకు వీడియో చూపెట్టి, చివర్ల వచ్చే పేర్లన్నీ చదివి వినిపించిందట. దాది అంతా విని, "అందరి పేర్లున్నయి బిడ్డా, మరి నేనేడున్న?" అని అడిగిందట. కోపంగ అనలేదట, ఉత్తగనే అడిగిందట. మనవరాలు మాకు ఫోన్ చేసి చెప్పింది. మా దగ్గర జవాబు లేదు. వీడియో తీసేసినం.

ఆ ప్రశ్న పట్టుకుని ఈ ఏడాది కొంచెం చదివినం. మన పాట గొంతు నుంచి మిషన్‌లకు ఎట్ల వచ్చింది, ప్రతి మిషన్ దగ్గర పాడినోళ్ల పేరు ఏమైంది అన్నదే ఈ పోస్ట్. చివర్ల ఈసారి ప్లాన్, పైసల లెక్క కూడ పెట్టినం.

మొదలు లదేణి కాలం. రోడ్లు, రైళ్లు లేని రోజుల్లో ఈ దక్కన్‌లో ఉప్పు, ధాన్యం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు చేరాలంటే మన తాతముత్తాతల ఎద్దుల మీదనే చేరాలె. గోల్కొండకు వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి తావెర్నియే 17వ శతాబ్దంలో బంజారాల బిడారులను చూసి రాసిండు. ఒక్కో బిడారులో పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఉంటయని, అవి ఎదురైతే దారి ఇచ్చి రెండు మూడు రోజులు ఆగాల్సి వస్తదని రాసిండు. మొఘల్ సైన్యాలు దక్కన్‌కు వచ్చినప్పుడు వాళ్లకు తిండిగింజలు చేరవేసింది మనోళ్లే.

ఆ నడకలో పాట పుస్తకంలో లేదు, మనిషిలో ఉంది. వంశాల చరిత్రను పాడేందుకు ఢాడీలు, భాట్‌లు ఉండేటోళ్లు. ఎవరి గోత్రం ఏది, ఎవరి తాత ఎవరు అన్నది వాళ్ల నోట్లో ఉండేది. హోలీకి లేంగీ పాటలు. పెండ్లి అయ్యి పోయే పిల్ల తల్లిని, అక్కచెల్లెళ్లను పట్టుకుని ఏడ్చుకుంట పాడేది ఢావ్లో. తీజ్‌కు పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు నాటి, తొమ్మిది రోజులు నీళ్లు పోసుకుంట పాడే పాటలు. వీటిని ఎవరు కట్టిండ్రో ఎవ్వరికీ తెల్వదు. కాని ఎవరి దగ్గర నేర్చుకున్నరో అందరికి తెలుసు. 'ఇది మా యాడి పాడేది', 'ఇది మా ఫలానా తండా నుంచి కోడలుగ వచ్చినామె తెచ్చింది' అని ఇప్పటికీ చెప్తరు. రాసినోళ్ల పేరు లేకున్నా పాట వచ్చిన దారి మాత్రం చెదరకుండ ఉండేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందల పనికొస్తది.

తర్వాత రైలు వచ్చింది. వాడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగ సికింద్రాబాద్ దాక లైను 1874లో తెరిచిండ్రు. మన నవాబుపేట పక్కన చిట్టిగిడ్డ మీదుగ ఇప్పుడు గూడ్స్ బండ్లు పోయే లైను అదే. ఎద్దు వారం రోజులు మోసే బరువును రైలు ఒక్క పూటలో మోసింది. లదేణి మెల్లగ చచ్చిపోయింది. దానికి మూడేండ్ల ముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం తెచ్చింది. తిరిగేటోళ్లందరిని అనుమానంతో చూసే చట్టం అది. దేశంలో చాలా చోట్ల బంజారాలను ఆ పట్టీలో చేర్చిండ్రు. స్వాతంత్ర్యం వచ్చినంక 1952లో గాని ఆ చట్టం పోలేదు. బతుకుదెరువు పోయి, పైనుంచి దొంగలన్న పేరు పడి, మనోళ్లు గుట్టల పక్కన, బంజరు భూముల్లో తండాలు కట్టుకుని ఆగిండ్రు. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలకు షెడ్యూల్డ్ తెగ గుర్తింపు 1976 చట్టంతోని వచ్చింది. మనలో చాలామంది హాస్టల్ సీటు, కాలేజి సీటు వెనుక ఆ చట్టం ఉంది.

ఈ కాలంలోనే మన గురించి పుస్తకాలు రావడం షురూ అయింది. గ్రియర్సన్ అనే అధికారి చేసిన భారత భాషల సర్వేలో మన గోర్ బోలి 1907లో వచ్చిన తొమ్మిదో సంపుటం మూడో భాగంలో ఉంది. బైబిల్‌లోని తప్పిపోయిన కొడుకు కథను ఒక్కో భాషలో చెప్పించి రాసుకోవడం ఆ సర్వే పద్ధతి. నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ రాసిన పెద్ద పుస్తకం 1920లో వచ్చింది, అందులోనూ లంబాడాలు ఉన్నరు. 1970లో రొనాల్డ్ ట్రెయిల్ లమాణి వ్యాకరణం రాసిండు. ఇవన్నీ పనికొచ్చే పుస్తకాలే, కాదనం. కాని అన్నీ బయటోళ్లు మన గురించి రాసినవి. ఇంకో సంగతి, మాటను కాగితం మీద పెట్టొచ్చు గాని రాగాన్ని పెట్టలేం. ఎక్కడ గొంతు సాగదీస్తరు, ఎక్కడ చప్పట్లు పడుతయి అన్నది కాగితానికి ఎక్కదు. దానికి మిషన్ కావాలె.

మన దేశంలో గ్రామఫోన్ రికార్డులు తీసుడు 1902లో షురూ అయింది. గ్రామఫోన్ కంపెనీ పంపిన గైస్‌బర్గ్ అనే రికార్డిస్టు కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డ్ చేసిండు. అప్పటి రికార్డులో మూడు నిమిషాలే పట్టేది. గంట సేపు పాడే రాగాన్ని ఆమె మూడు నిమిషాలకు కుదించింది. ఇప్పటికీ మన పాట వీడియోలు మూడు నాలుగు నిమిషాలే ఉండే అలవాటు అక్కడి నుంచే వచ్చింది. ఇంకో సంగతి మాకు బాగ నచ్చింది. పాట అయిపోంగనే ఆమె తన పేరును తానే ఇంగ్లీషులో గట్టిగ చెప్పేది. ఎందుకంటే రికార్డులు అచ్చు వేసేది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడి మెకానిక్‌లకు ఏ రికార్డు ఎవరిదో తెల్వాలంటే పేరు ఆ రికార్డులోనే ఉండాలె. చూడండి, మన దేశంలో రికార్డింగ్ మొదలైన రోజుల్లోనే పాడిన మనిషి పేరు పాటకు అతుక్కుని ఉంది. దాది అడిగిన ప్రశ్నకు జవాబు 120 ఏండ్ల కిందనే ఉంది. మేమే చూడలే.

ఆ తర్వాత సినిమా. 1935లో 'ధూప్ ఛావ్' అనే హిందీ సినిమాతోని ప్లేబ్యాక్ పద్ధతి వచ్చింది. అంటే గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది. ఈ పద్ధతి తప్పని అనం, దానితోనే గొప్ప గొప్ప పాటలు వచ్చినయి. కాని జానపదానికి వచ్చేసరికి ముఖం ఉన్నోళ్లకు పేరు వచ్చింది, గొంతు ఇచ్చినోళ్లు వెనకబడ్డరు. మన సంగతి ఇంకా ఘోరం. అద్దాల ఫేటియా, కాంచ్లీ వేసుకుని ఐటం పాటకు ఎగిరే హీరోయిన్‌లను సినిమాల్లో చిన్నప్పటి సంది చూస్తున్నం. బట్టలు మనవి, పాట మనది కాదు, భాష మనది కాదు. పోయిన ఏడాది మేము చేసిన వీడియో కూడ చూస్తే దాని నకలే. ఒప్పుకుంటున్నం.

తెలంగాణలో దీనికి ఎదురు ఉదాహరణ కూడ ఉంది. 1979లో తయారైన 'మా భూమి' సినిమా మీలో కొందరు చూసే ఉంటరు. గౌతమ్ ఘోష్ డైరెక్షన్, బి. నర్సింగరావు నిర్మాత. స్టార్లు లేరు, సెట్టింగులు లేవు, ఊర్లల్లో తీసిండ్రు. అందులో గొంగడి వేసుకుని గద్దర్ పాడే పాట ఉంది. ఆ పాట కట్టింది గద్దర్ కాదు, సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి. పాడిన గద్దర్ పేరు లోకమంతా తెలిసింది. కాని తెలంగాణలో పాటల గురించి పట్టించుకునేటోళ్లు ఇప్పటికీ యాదగిరి పేరు చెప్తరు. చెప్పేటోళ్లు ఉన్నరు కాబట్టే ఆ పేరు బతికింది. తక్కువ పైసలతోని తీసినా నిలబడే పని చేయొచ్చు అన్న ధైర్యం కూడ ఆ సినిమా నుంచి తెచ్చుకోవచ్చు.

1980ల నుంచి క్యాసెట్ కాలం. ఫిలిప్స్ కంపెనీ 1963లో చేసిన చిన్న క్యాసెట్ మన దేశంలో 1980లలో ఇంటింటికి వచ్చింది. రికార్డు అచ్చు వేయాలంటే ఫ్యాక్టరీ కావాలె, క్యాసెట్ కాపీ చేయాలంటే రెండు డెక్కులు ఉంటే చాలు. అందుకే పెద్ద కంపెనీలు పట్టించుకోని భాషల పాటలు, జాతర పాటలు, భజనలు క్యాసెట్‌లలోకి వచ్చినయి. సేవాభాయా పాటల క్యాసెట్‌లు, తర్వాత వీసీడీలు మన ఇండ్లల్లోనూ ఉండేవి. మా నాయిన వాళ్లు దాచిన ఒక పెట్టెలో కొన్ని దొరికినయి. రీలు చిక్కుకుపోయింది. అట్ట మీద దేవుడి బొమ్మ ఉంది, షాపు పేరు ఉంది. పాడినామె పేరు లేదు. ఆ గొంతు ఎవరిదో తండాలో అడిగితే ఇద్దరు రెండు పేర్లు చెప్పిండ్రు. నలభై ఏండ్లు కూడ కాలే, అప్పుడే దారి తెగిపోయింది. పుస్తకం లేని కాలంలో వందల ఏండ్లు తెగని దారి, మిషన్ వచ్చినంక తెగింది.

ఇగ మన కాలం. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవక అయినంక తెలంగాణ జానపద పాట యూట్యూబ్‌లో ఎట్ల పేలిందో మీకు చెప్పనవసరం లేదు. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన మంగ్లి ఆ పాటలతోనే ఇంటింటికి తెలిసింది. మన పిల్లలకు అది ఎంత ధైర్యమో అందరికి తెలుసు. ఆమె పాడిన 'సారంగ దరియా' 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం వచ్చినప్పుడు ఒక చర్చ జరిగింది. ఆ జానపదాన్ని తాను సేకరించిన అని కోమలి అనే గాయని ముందుకు వచ్చింది. సినిమాకు దాన్ని పెంచి రాసింది సుద్దాల అశోక్‌తేజ. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తమని ప్రకటించిండు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని మేము తీర్పు చెప్పం. మనం నేర్చుకోవాల్సింది ఒకటే. పాట విడుదలైనంక లొల్లి అయ్యి పేరు పెట్టుడు కంటే, ముందుగాలే అడిగి పెట్టుడు మంచిది. అది కోట్ల సినిమాకైనా అంతే, మన పన్నెండు వేల వీడియోకైనా అంతే.

చట్టం ఏమంటదో కూడ చూసినం. మన దగ్గర కాపీరైట్ చట్టం 1957ది. ఎవరు కట్టిండ్రో తెల్వని పాత పాట మీద ఎవ్వరికీ కాపీరైట్ లేదు. కాబట్టి తీజ్ పాట అందరిది, ఎవరైనా పాడుకోవచ్చు. కాని ఆ పాటను రికార్డ్ చేస్తే ఆ రికార్డింగ్ మీద చేసినోళ్లకు 60 ఏండ్లు హక్కు ఉంటది. అంటే మన దాది పాటను ఎవరో వచ్చి మంచి మైక్‌తోని రికార్డ్ చేసుకుని పోతే ఆ రికార్డింగ్ వాళ్లది అయితది, ముందే కాగితం మీద వేరేగ రాసుకోకపోతే. ఇంకో దిక్కు పాడినోళ్లకూ హక్కు ఉంది. దాన్ని ప్రదర్శకుల హక్కు అంటరు, అది 50 ఏండ్లు ఉంటది. 2012లో చట్టాన్ని మార్చినప్పుడు 38బి అనే సెక్షన్ చేర్చిండ్రు. పాడిన మనిషికి 'ఇది పాడింది నేను' అని తన పేరు అడిగే హక్కు ఉందని, తన పాటను పేరు చెడేటట్టు మార్చితే అడ్డం చెప్పే హక్కు ఉందని అందులో ఉంది. చదువు రాని మా దాది ఉత్తగ అడిగిన మాట చట్టంలో ఉన్న మాటే అని తెలిసినప్పుడు మాకు సిగ్గయింది.

ఇంత తొందర ఎందుకంటే, మనుషులు ఉండరు. మన తోటి ఆదివాసీల సంగతే చూడండి. సమ్మక్క సారలమ్మ చరిత్రను కంచుమేళం, డోలి మీద పాడే కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో వచ్చింది. 2024 ఒక్క ఏడాదిలోనే ఇద్దరూ పోయిండ్రు. పద్మశ్రీ వచ్చినోళ్లు కాబట్టి కొన్ని వీడియోలన్నా ఉన్నయి. మన తండాల్లో దాదీలకు ఏమున్నయి? ఇప్పుడు తీజ్ పాటలు మొత్తం తెలిసినోళ్లు మా తండాలో ముగ్గురే. మిగిలినోళ్లకు మొదటి రెండు చరణాలే వస్తయి, తర్వాత డీజే పెడుతరు.

భాష సంగతి కూడ అంతే. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినోళ్లు 32 లక్షలకు పైనే ఉన్నరు. అయినా ఆ లెక్కల్లో మన భాషను హిందీ కింద కలిపేసిండ్రు. లిపి లేదు. తెలంగాణలో తెలుగులో, కర్ణాటకలో కన్నడలో, మహారాష్ట్రలో నాగరిలో రాసుకుంటున్నం. మంచి సంగతి కూడ ఉంది. మన రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల పుస్తకానికి 'ఢావ్లో' అనే పేరు పెట్టిండు. దానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆడపిల్ల ఏడుపు పాట పేరు ఢిల్లీ దాక పోయింది. మనం మన పాటకు 'డీజే సాంగ్' అని పేరు పెట్టినం. తేడా చూడండి.

ఇగ ఈసారి ప్లాన్. చరిత్రలో చూసిన ఒక్కో తప్పుకు ఒక్కో పని పెట్టుకున్నం.

ఒకటి, బీట్ ఉండదు. ప్లేబ్యాక్ ఉండదు. దాదీలు పాడేటప్పుడే సౌండ్ తీసుకుంటం. ఒకరు అందుకుంటే మిగిలినోళ్లు వంత పాడే పాట అది, రెండుసార్లు ఒక్క తీరుగ రాదు. స్పీడ్ పెంచి బీట్‌కు అతికిస్తే చప్పట్లే తప్పినయి, పోయినసారి దాదీలే నవ్విండ్రు. సౌండ్ కోసం ఒక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మైక్ తగిలించి, పాడేటోళ్ల నడుమ పెడుతం. వీడియో ఇంకో ఫోన్‌లో తీస్తం. మొదట్ల ఒకరు గట్టిగ చప్పట్లు కొట్టాలె, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలుపుకోవచ్చు. పోయినసారి సగం పాట మీద గూడ్స్ బండి చప్పుడు పడింది. ఈసారి బండ్లు ఏ టైముకు పోతయో రెండు రోజులు రాసుకోవాలె. రైలు పట్టాల మీద షాట్ అన్న ఆలోచన మానుకోండి. ప్రాణానికి ప్రమాదం, పైనుంచి రైల్వే చట్టం 147 సెక్షన్ కింద కేసు అయితది.

రెండు, డ్రోన్ వద్దు, స్టడీ షాట్ చాలు. 2005లో ఓకే గో అనే అమెరికా బ్యాండ్ ఇంటి వెనుక పెరట్లో, ఒక్క కెమెరా కదలకుండ పెట్టి, ఒక్క టేక్‌లో డాన్స్ వీడియో తీసి లోకమంతా తెలిసింది. మరుసటి ఏడాది ట్రెడ్‌మిల్‌ల మీద తీసిన వీడియోకు గ్రామీ కూడ వచ్చింది. వాళ్ల ఖర్చు కెమెరాలో లేదు, రిహార్సల్‌లో ఉంది. మన దాదీలకు రిహార్సల్ యాభై ఏండ్లది ఉంది. మనం ఫోన్ కదపకుండ పట్టుకుంటే చాలు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాక, సాయంత్రం ఐదు తర్వాత వెలుగు మంచిగుంటది. శ్రావణం కాబట్టి వాన పడుతది, ఒక రోజు ఎక్కువ పెట్టుకోవాలె.

మూడు, కూలి. తీజ్ టైముకు పత్తి చేన్లల్లో కలుపు పని ఉంటది. దాదీలు, వదినలు ఒక పూట మన దగ్గర కూర్చుంటే ఆ రోజు కూలి పోతది. 'మనోళ్లే కదా' అని ఉత్తగ పిలుచుడు ఇప్పటిదాక మనం చేసిన అన్యాయం. ఈసారి కూలి ఇస్తం.

లెక్క ఇది. 24 మందిమి తలా 500 వేసుకుంటే 12,000.
పాడే ఎనిమిది మందికి 400 చొప్పున కూలి 3,200.
సౌండ్ శుభ్రం చేయించి మిక్సింగ్ చేయించుడు 3,000.
రెండు పూటల భోజనం, చాయ్ 2,500.
ఆటో 1,000.
మైక్, స్టాండ్ కిరాయి 800.
వాన పడితే ఇంకో రోజు కోసం 1,500.
అంతా కలిపి 12,000. ఎడిటింగ్ మనమే ఫోన్‌లో చేసుకుంటం. బట్టలకు పైసా లేదు. ఎవరింట్ల ఉన్నవి వాళ్లు వేసుకుంటరు, కిరాయి డ్రెస్సులు తేవొద్దు.

నాలుగు, పేర్లు. వీడియో మొదట్లనే పాడినోళ్ల పేర్లు పడాలె, మన పేర్లు చివర్ల చిన్నగ చాలు. పాట కింద ఎవరి దగ్గర నేర్చుకున్నరో కూడ రాయాలె. దాది తన యాడి పేరు, ఆమె వచ్చిన తండా పేరు చెప్తనన్నది. పాటకు ముందు దాది తన పేరు తానే నోటితో చెప్తది, అది కట్ చేయం. రేపు ఎవరన్నా ఆడియో దొంగిలించినా పేరు అందులోనే ఉంటది. పాట మాటలు తెలుగు అక్షరాల్లో, నాగరిలో కూడ పెడితే మహారాష్ట్ర గోర్‌మాటీలకు చదవొస్తది. పైసలు ఏమన్నా వస్తే ఎట్ల పంచుకోవాలో ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, అప్పుడే సంతకమో వేలిముద్రో తీసుకుంటం. ఒరిజినల్ సౌండ్ కాపీ ముగ్గురి దగ్గర వేర్వేరుగ ఉండాలె. చిక్కుకుపోయిన ఆ క్యాసెట్ రీలును మర్చిపోవద్దు.

ఐదు, చెల్లెళ్ల సంగతి. తీజ్ అంటే పెండ్లి కాని ఆడపిల్లల పండుగ. వాళ్లు లేకుంటే వీడియోనే లేదు. కాని ముఖాలు నెట్‌లో పడితే తర్వాత ఎన్ని మాటలు వస్తయో, కామెంట్ల కింద ఏం రాస్తరో మనకు తెలుసు. కాబట్టి ప్రతి చెల్లెను, ఇంట్లోళ్లను ముందుగాల అడగాలె. వద్దన్న చెల్లె చేతులు, బుట్ట, మొలక మాత్రమే కనబడేటట్టు తీస్తం. తీసినంక ఎడిటింగ్ అయ్యి ఎక్కించే ముందు అందరికి చూపెట్టి, ఎవరన్నా 'నన్ను తీసేయి' అంటే మారు మాట లేకుండ తీసేస్తం. కామెంట్లు బంద్ పెట్టుడా, ఉంచుడా అన్నది కూడ చెల్లెళ్లే చెప్పాలె, మనం కాదు.

ఇంత చేస్తే వ్యూస్ రావని కొందరు అన్నలు అంటున్నరు. రాకపోవచ్చు. డీజే వేస్తే ఎక్కువ వస్తయి, అది నిజమే. దాని మీద గ్రూపులో కొట్లాట వద్దు. డీజే పాట కావాలంటే హోలీకి వేరేగ చేసుకుందాం, మన సొంతంగ కట్టుకున్న పాటతోని. ఈ పాట మాత్రం ఇట్లనే ఉండనిద్దాం. మూడేండ్ల తర్వాత మన చెల్లెలి బిడ్డకు మూడో చరణం కావాల్సి వస్తే దొరకాలె.

ఆఖరు మాట. పోయిన ఆదివారం మేము దాది దగ్గరికి పోయినం, తప్పయిందని చెప్పినం. ఆమె ఏమీ అనలే, చాయ్ పోసింది. మళ్లీ పాడుతరా అని అడిగితే, "ఆ డబ్బా చప్పుడు లేకుంటే పాడుత" అన్నది. వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు తండాలో నాయక్ ఇంటి ముందు కూర్చుందాం. పైసలు తెచ్చేటోళ్లు అప్పుడే ఇయ్యండి, లెక్క గ్రూపులో పెడుతం. ఎవరింట్ల పాత క్యాసెట్‌లు, వీసీడీలు ఉంటే తెండి, గొంతులు గుర్తుపట్టే పెద్దోళ్లు ఇంకా ఉన్నరు. మీ దాదీలకు ఏ పాటలు వస్తయో, ఎవరి దగ్గర నేర్చుకున్నరో అడిగి కింద కామెంట్‌లో రాయండి. దాది పేరు మాత్రం ఆమెను అడిగినంకనే రాయండి.

జై సేవాలాల్.